కాలువ గట్టంట కోనసీమ: సైకిల్ మీద ఐదు రోజులు తిరిగి రావడం ఎలా

"ఎందాకండీ?"

కోనసీమలో సైకిల్ తొక్కుతుంటే రోజుకి ఇరవైసార్లు వినబడే ప్రశ్న ఇది. మోపెడ్ మీద కొబ్బరి బొండాల గెల కట్టుకుని పక్కనే వస్తున్న పెద్దాయన అడుగుతారు. కాలువ రేవులో గిన్నెలు తోముకుంటున్న ఆవిడ తలెత్తి అడుగుతుంది. "అంతర్వేది దాకానండి" అంటే, "సైకిలు మీదేనాండి!" అని ఆశ్చర్యపోయి, వెంటనే రెండో ప్రశ్న వేస్తారు: "టిఫినయ్యిందాండి?" వీళ్లందరి దగ్గరా కాలు కింద పెట్టి, తీరిగ్గా జవాబు చెప్పగలిగేలా ప్రయాణం వేసుకోవాలి. కింద నేను చెప్పే ప్రతి జాగ్రత్తా ఆ తీరిక మిగుల్చుకోవడానికే.

దారి ఇది: రాజమండ్రిలో మొదలుపెట్టి, ధవళేశ్వరం బ్యారేజీ దాటి, గోదావరి పాయల మధ్యలోంచి సముద్రం దాకా వెళ్లి, నరసాపురంలో రైలెక్కేయడం. తొక్కేది ఐదు రోజులు. రైలు రాత్రులు కలుపుకుంటే వారం సెలవు చాలు. మొత్తం దూరం సుమారు 200 కిలోమీటర్లు.

ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వశిష్ఠ అని రెండుగా చీలుతుంది. కొంత కిందికి వెళ్లాక వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. ఈ పాయలకీ బంగాళాఖాతానికీ మధ్య ఉన్న ముక్కోణపు నేలే కోనసీమ. కొండ లేదు, గుట్ట లేదు. మీరు ఎక్కాల్సిన ఎత్తులు రెండే రకాలు, ఒకటి ఏటిగట్టు, రెండు వారధి. అందుకే జీవితంలో మొదటిసారి సైకిల్ యాత్ర చేసేవాళ్లకి కూడా ఇది ధైర్యంగా చెప్పగలిగే దారి.

ముందు నెల చూసుకోండి

పంచాంగం ప్రకారం వసంతం ఉగాదితో వస్తుంది. సైకిల్ తొక్కేవాళ్లకి మాత్రం కోనసీమలో వసంతం ఒక నెల ముందే వచ్చేస్తుంది. మాఘం చివరి వారం నుంచి ఫాల్గుణం సగం దాకా, అంటే ఫిబ్రవరి మూడో వారం నుంచి మార్చి పదో తారీకు దాకా సరైన సమయం. మధ్యాహ్నం 31, 32 డిగ్రీలు ఉంటుంది, తెల్లవారుజామున 21, 22. మామిడి పూత మీద ఉంటుంది, కొన్నిచోట్ల పిందె కూడా కడుతుంది. దాళ్వా వరి, అంటే ఏడాదిలో రెండో పంట, పచ్చగా నిలబడి ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, కాలువల్లో నీళ్లుంటాయి. ఏప్రిల్ వచ్చాక పంట కోతకొస్తుంది, ఆ తర్వాత మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. నీళ్లు లేని కాలువ గట్టు మీద తొక్కడం వేరే అనుభవం, దానికోసం అంత దూరం వెళ్లొద్దు.

రెండు పండగలు చూసుకుని తేదీలు వేసుకోండి. భీష్మ ఏకాదశికి అంతర్వేది రథోత్సవం, మహాశివరాత్రికి కోటిపల్లి స్నానాలు. ఈ రెండింటికీ జనం లక్షల్లో వస్తారు, సైకిల్ నడిపించుకుని వెళ్లడం కూడా కష్టం. ఆ ఉత్సవమే చూడాలనుకుంటే సైకిల్ లాడ్జిలో పెట్టి బస్సులో వెళ్లడం మంచిది.

రోజుకి ఎన్ని కిలోమీటర్లు

ఇది నేను ఖరీదు కట్టి నేర్చుకున్న విషయం. రెండోసారి వెళ్లినప్పుడు, ఎలాగూ నేల చదునే కదా అని రోజుకి 80 కిలోమీటర్లు వేసుకున్నాను. రాజోలు వైపు మధ్యాహ్నం పన్నెండున్నరకి తొక్కుతుంటే చెమట ఆరడం మానేసింది. సముద్రం దగ్గరి గాలిలో తేమ ఎక్కువ, ఒంటి మీది చెమట ఆవిరి కాదు, ఒళ్లు చల్లబడదు. కాసేపటికి తల తిరిగింది, వేళ్లు వణికాయి. ఒక పెంకుటింటి అరుగు మీద కూలబడితే, లోపల్నుంచి ఒక ముసలావిడ వచ్చి నా మొహం చూసి ఏమీ అడగలేదు. పెద్ద గ్లాసుడు పల్చటి మజ్జిగ, కల్లుప్పు వేసి, పట్టుకొచ్చింది. అది తాగాక ఇంకోటి. మూడో గ్లాసు అయ్యాక, "ఎండలో ఈ పరుగేంటి బాబూ, నది ఎక్కడికీ పోదు" అంది.

అప్పటి నుంచి లెక్క మార్చేశాను. రోజుకి 35 నుంచి 50 కిలోమీటర్లు. తెల్లవారి వెలుగు రాగానే బయల్దేరడం, పదిన్నరకల్లా ఆ రోజు దూరంలో మూడొంతులు అయిపోవడం, పదకొండు నుంచి మూడున్నర దాకా నీడలో ఉండటం, మిగిలింది సాయంత్రం. గుళ్లు కూడా చాలావరకు మధ్యాహ్నం మూసేసి మళ్లీ సాయంత్రం తెరుస్తారు కాబట్టి ఆ వేళలో పరిగెత్తి మీరు చూడగలిగేది ఏమీ లేదు. చీకటి పడేలోపు బస చేరిపోవాలి. గట్ల మీద దీపాలుండవు, ఒక పక్క కాలువ ఉంటుంది.

ఇంకో సంగతి. మధ్యాహ్నం దాటాక గాలి సముద్రం మీది నుంచి లోపలికి కొడుతుంది. సముద్రం వైపు వెళ్లే దూరం పొద్దున్నే తొక్కేయండి, వెనక్కి వచ్చేది సాయంత్రానికి పెట్టుకోండి. ఆ గాలే అప్పుడు మిమ్మల్ని వెనకనుంచి తోస్తుంది.

ఏ సైకిల్, ఏ సామాను

గేర్లు లేని మామూలు సైకిలైనా సరిపోతుంది. టైరు మాత్రం మరీ సన్నది వద్దు. సన్న టైరు సిమెంటు రోడ్డు మీద బాగుంటుంది కానీ గట్టు మీద మట్టిలో కూరుకుపోతుంది. 35 మిల్లీమీటర్లు, అంతకు పైన ఉంటే హాయి. తీరం దగ్గరికి వెళ్లేకొద్దీ సర్కారు తుమ్మ ముళ్లు దారి మీద పడి ఉంటాయి, పంక్చర్ తప్పదనుకునే వెళ్లండి.

సైకిల్ షాపు లేని పెద్ద ఊరు కోనసీమలో ఉండదు. కానీ వాళ్ల దగ్గర ఉండేవి పాతకాలం 28 అంగుళాల బండికి సరిపోయే ట్యూబులు. మీది కొత్త రకం సైకిలైతే మీ సైజు ట్యూబులు రెండు మీరే తీసుకెళ్లాలి. ట్యూబుకి ఉన్న వాల్వు సన్నగా, కొసన చిన్న మర ఉన్న ప్రెస్టా రకమైతే ఊళ్లో పంపు దానికి పట్టదు. చిటికెడంత ఇత్తడి అడాప్టర్ దొరుకుతుంది, అది కొని హ్యాండిల్ సంచిలో వేసుకోండి. చిన్న చేతిపంపు, టైరు విప్పే లివర్లు, ప్యాచ్‌లు, గొలుసుకి నూనె కూడా ఉండాలి. పంక్చర్ వేసుకోవడం ఇంటి దగ్గర ఒకసారి చేసి చూడండి. గట్టు మీద, ఎండలో మొదటిసారి నేర్చుకోవడం మహా టెన్షన్.

వీపు మీద సంచి వద్దు. ఆ వేడిలో వీపంతా తడిసి పేలిపోతుంది. బరువు వెనక క్యారియర్‌కి రెండు పక్కలా, వీలైనంత కిందికి కట్టండి. బట్టలు రెండు జతలు చాలు, రాత్రి ఉతికితే తెల్లారేసరికి ఆరతాయి. ఒక పంచె లేదా చీర, ఆడపిల్లలైతే సల్వార్, గుళ్ల కోసం విడిగా పొడిగా ఉంచుకోండి. చెమట బట్టలతో గుళ్లోకి వెళ్లడానికి మనకే మనసొప్పదు. గుడి కుళాయి దగ్గర కాళ్లు, మొహం కడుక్కుని పంచె మార్చుకుంటే పది నిమిషాల పని. తలకి తువ్వాలు, దాని మీద హెల్మెట్. నీళ్ల సీసాలు రెండు. ఓఆర్ఎస్ పొట్లాలు అరడజను.

ప్రయాణానికి మూడు వారాల ముందు నుంచీ వారానికి నాలుగు రోజులు గంటసేపు తొక్కండి. కాళ్ల కంటే సీటు మీద కూర్చోవడం అలవాటు కావడం ముఖ్యం. పెడల్ బాగా కిందికి వచ్చినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగేలా సీటు ఎత్తు పెట్టుకోండి. చాలామంది సీటు తక్కువలో పెట్టుకుని మోకాళ్లు నొప్పి తెచ్చుకుంటారు.

సైకిల్‌ని రైలెక్కించడం

హైదరాబాద్ నుంచి గౌతమి ఎక్స్‌ప్రెస్ లాంటి రాత్రి బండి ఎక్కితే తెల్లవారేసరికి రాజమండ్రి చేరొచ్చు. సైకిల్‌ని మీ టికెట్ మీద లగేజీగా బుక్ చేయండి. పార్శిల్‌గా వేస్తే మీరెక్కిన బండిలోనే వస్తుందన్న నమ్మకం లేదు. బండి టైముకి రెండు గంటల ముందే స్టేషన్‌లో పార్శిల్ ఆఫీసుకి టికెట్, గుర్తింపు కార్డు తీసుకుని వెళ్లండి. లైట్లు, సీసాలు, సంచులు తీసేయండి. అట్టముక్క మీద మీ పేరు, ఎక్కడి నుంచి ఎక్కడికి, పీఎన్ఆర్ నంబర్ పెద్దక్షరాలతో రాసి రెండు చోట్ల కట్టండి. సైకిల్ బ్రేక్ వ్యాన్‌లోకి, అంటే సామాన్ల పెట్టెలోకి, ఎక్కడం కళ్లారా చూశాకే మీ బోగీకి వెళ్లండి. రాజమండ్రిలో బండి ఆగేది కొద్ది నిమిషాలే, అందుకని స్టేషన్ రాకముందే తలుపు దగ్గర ఉండి, దిగగానే బ్రేక్ వ్యాన్ వైపు నడవాలి.

ఆ రోజు తొక్కొద్దు. విశ్రాంతి తీసుకుని, సాయంత్రం పుష్కర ఘాట్‌లో గోదావరి హారతి చూసి, రోజ్ మిల్క్ తాగి, తొమ్మిదికల్లా పడుకోండి.

మొదటి రోజు: బ్యారేజీ, పూతరేకులు

ఐదున్నరకి లేచి ధవళేశ్వరం వైపు కదలండి. బ్యారేజీ మీద సూర్యోదయం కావాలి. బండ్ల రద్దీ కూడా అప్పుడు తక్కువ.

1852లో సర్ ఆర్థర్ కాటన్ ఇక్కడ ఆనకట్ట పూర్తి చేయకముందు ఈ నేల ఒక ఏడు వరదలో మునిగి, ఇంకో ఏడు కరువులో ఎండేది. ఇప్పుడున్న బ్యారేజీ ఆ పాత ఆనకట్ట స్థానంలో తర్వాత కట్టింది. ఊరూరా కాటన్ దొర విగ్రహం కనబడుతుంది, గుర్రమెక్కినవి కూడా ఉన్నాయి. గోదావరిలో స్నానం చేసేటప్పుడు సంకల్పంలో ఆయన పేరు తలుచుకునేవాళ్లు నేటికీ ఉన్నారు. ధవళేశ్వరంలో ఆయన పేరున మ్యూజియం ఉంది. అది తెరిచే వేళకి మీరు దాటిపోయి ఉంటారు కాబట్టి, చూడాలంటే ముందు రోజు సాయంత్రమే చూసేయండి.

బ్యారేజీ దాటి బొబ్బర్లంక చేరితే కోనసీమ ముఖద్వారంలో ఉన్నట్టే. ఇక్కడి నుంచి ప్రధాన కాలువ మీ పక్కనే నడుస్తుంది. దారి అడిగితే వచ్చే జవాబు కూడా ఒకటే: "గట్టంట తిన్నగా వెళ్లిపోవడమేనండి." ఫోన్‌లో మ్యాపు కంటే ఈ జవాబుని నమ్మండి. మ్యాపు మిమ్మల్ని పెద్ద రోడ్డు మీదికి తోస్తుంది, మనిషి గట్టు మీదికి పంపిస్తాడు. లొల్ల లాకుల (నీటిని ఆపి వదిలే తలుపుల) దగ్గర కాలువ విడిపోయి వేరే వేరే వైపులకి వెళ్తుంది. కాసేపు సైకిల్ ఆనించి, లాకుల కింద నీరు నురగతో పడుతుంటే చూడండి.

శనివారం మాత్రం ఈ దారిలో రావొద్దు. పక్కనే ఉన్న వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకునే ఆచారం ఉంది, ఆ రోజు ఈ రోడ్లన్నీ కార్లతో నిండిపోతాయి.

ఆత్రేయపురంలో పూతరేకులు కొనడమే కాదు, చేయడం చూడాలి. దుకాణంలో కొన్నాక, "రేకు తీసేది ఒక్కసారి చూడొచ్చాండి" అని మర్యాదగా అడిగితే చాలామంది లోపలికి రమ్మంటారు. అడుగు పైకి ఉండేలా బోర్లించిన నున్నటి కుండ, దాని కింద కొబ్బరాకు మంట. నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండిని పాలలా పల్చగా కలుపుతారు. పల్చటి గుడ్డని రెండు చేతులతో రెండు కొసలు పట్టుకుని ఆ పిండి నీళ్లలో ముంచి, కుండ మీద ఒక్కసారి పరిచి లాగుతుంది రేకు తీసే ఆవిడ. చుయ్యిమని చప్పుడు. గుడ్డ పోయిన చోట, కుండ మీద, అవతలి వస్తువు కనబడేంత పల్చటి పొర మిగులుతుంది. గోటితో అంచు లేపి తీసి పక్కన పేరుస్తుంది. నేను లెక్కపెడితే ఒక్కో రేకుకి నాలుగైదు సెకన్లు పట్టింది. పొద్దుటి నుంచి ఆ పొయ్యి ముందే కూర్చున్న మనిషి ఆమె. తర్వాత ఆ రేకు మీద నెయ్యి, పంచదార పొడో బెల్లం పొడో చల్లి మడుస్తారు. 2023లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఫొటో తీసేముందు అడగండి. ఇంటికి తీసుకెళ్లేవి మాత్రం ఇక్కడ కొనొద్దు, ఐదు రోజులు సైకిల్ కుదుపులకి పొడైపోతాయి. ఇక్కడ తినేయండి.

సాయంత్రం ర్యాలి. జగన్మోహినీ కేశవస్వామి గుళ్లో ఒకే రాతిలో ముందు నుంచి విష్ణువు, వెనక నుంచి మోహిని. పూజారి గారు వెనక్కి పంపించి చూపిస్తారు. మోహిని జడ ముడిని ఎంత శ్రద్ధగా చెక్కాడో ఆ శిల్పి, తొందరపడకుండా చూడండి. రాత్రి బస రావులపాలెంలో. ఆ రోజు మొత్తం 35 కిలోమీటర్లకి అటూ ఇటూ.

రెండో రోజు: అరటి గెలలు, గౌతమి ఒడ్డు

పొద్దున్నే రావులపాలెం అరటి మార్కెట్‌కి వెళ్లండి. చక్రకేళి, కర్పూరం, బుషావళి, అమృతపాణి, వరసగా గెలలు నిలబెట్టి ఉంటాయి. లంకల నుంచి, అంటే నది మధ్య దీవుల నుంచి, రైతులు సైకిళ్ల మీద గెలలు తెస్తారు. సీటు మీద కూర్చోవడానికి చోటుండదు, పక్కన నడుస్తూ తోసుకొస్తారు. బరువు ఎలా కట్టారో దగ్గరికెళ్లి చూడండి. రెండు పక్కలా సమంగా, ఇరుసుకి దగ్గరగా, నేలకి జానెడు ఎత్తులో. నా సంచులు సరిగ్గా కట్టుకోవడం నేను ఇక్కడే నేర్చుకున్నాను. డజను చక్రకేళి కొనుక్కుంటే ఆ రోజుకి అదే మీ దారి భోజనం.

జాతీయ రహదారిని వీలైనంత త్వరగా వదిలేసి కొత్తపేట వైపు తిరగండి. దగ్గర్లోనే పలివెల, కొప్పేశ్వరస్వామి గుడి. శివుడికి జుట్టు కొప్పు ఉందన్న కథ అక్కడి వాళ్ల నోటే వినండి, ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. అక్కడి నుంచి లోపలి దారుల్లో అయినవిల్లి. పరీక్షల ముందు ఈ సిద్ధివినాయకుడి దగ్గర పెన్నులు పూజలో పెట్టి పిల్లలకి పంచుతారు. మీరు వెళ్లే కాలం అదే కావడంతో స్కూలు యూనిఫారాల సందడి కనబడొచ్చు. ఆ పక్కనే ముక్తేశ్వరం, గౌతమి ఒడ్డు. సాయంత్రానికి అమలాపురం. సుమారు 45 కిలోమీటర్లు.

అమలాపురంలో రెండు రాత్రులు ఉండండి. మెస్సులో భోజనానికి వెళ్తే పనసపొట్టు కూర ఉందేమో అడగండి, ఆవ పెట్టి చేసినది. ఈ కాలానిదే అది. పులస మాత్రం అడగొద్దు. పులస వరద నీటికి, శ్రావణ భాద్రపదాల్లో ఎదురీదుతూ వచ్చే చేప. ఫాల్గుణంలో పులస అని ఎవరైనా వడ్డిస్తే అది వేరే చేప.

మూడో రోజు: పంటు మీద ద్రాక్షారామం

కాళ్లు అలిసిపోతే ఈ రోజు విశ్రాంతి తీసుకోండి, పరవాలేదు. ఓపికుంటే సంచులు గదిలో వదిలేసి, ముక్తేశ్వరం రేవుకి వెళ్లి పంటు (మనుషుల్నీ బండ్లనీ నది దాటించే బల్లకట్టు) ఎక్కండి. అవతలి ఒడ్డు కోటిపల్లి. నది మధ్యలో నిలబడి ఉన్న స్తంభాలు కోటిపల్లి–నరసాపురం రైలు వంతెనవి. లోక్‌సభ స్పీకర్‌గా పనిచేసిన జి.ఎం.సి. బాలయోగి ఈ లైను కోసం చాలా పట్టుబట్టారు. ఆయన 2002లో పోయారు. ఆ లైను కోసం అమలాపురం పెద్దలు ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారు, పంటు మీద ఎవర్ని కదిలించినా ఆ మాటే వస్తుంది.

కోటిపల్లి నుంచి ద్రాక్షారామం గంటలోపు దారి. పంచారామాల్లో ఒకటి, మాణిక్యాంబ శక్తిపీఠం కూడా ఇదే. భీమేశ్వరుడి లింగం రెండంతస్తుల్లో ఉంటుంది. కింద ఒక భాగం చూసి, మెట్లెక్కి పై అంతస్తులో అభిషేకం జరిగేది చూడాలి. దర్శనం అయ్యాక వెంటనే బయటికి రాకండి. ప్రాకారం నీడలో నడుస్తూ గోడల మీద, స్తంభాల మీద శాసనాలు చూడండి. పాత తెలుగు లిపిలో రెండు అక్షరాలు గుర్తుపట్టగలిగినా ఎంత సంబరంగా ఉంటుందో! రానూపోనూ 50 కిలోమీటర్లు దాటుతుంది. తిరుగు పంటు ఎన్నింటికో వెళ్లేటప్పుడే అడిగి పెట్టుకోండి.

నాలుగో రోజు: మగ్గాలు, పొట్టిక్కలు, నది మీద కాలువ

అమలాపురం వదలగానే బండారులంక. నేత ఊరు. పొద్దున వీధిలో సైకిల్ దిగి నడిస్తే ఇళ్లల్లోంచి మగ్గం చప్పుడు వినిపిస్తుంది. చీర కొనాలనుకుంటే నేసిన ఇంట్లోనే కొనండి, మడతపెడితే సైకిల్ సంచిలో కాస్త చోటులో సరిపోతుంది.

టిఫిన్ అంబాజీపేటలో. నాలుగు పనసాకులు పుల్లలతో గుచ్చి చేసిన బుట్టల్లో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు, వాటిని పొట్టిక్కలంటారు. ఆకు విప్పగానే వచ్చే వాసన కోసం వేడిగా ఉన్నప్పుడే తినాలి. ఈ ఊరు కొబ్బరి వ్యాపారానికి పెట్టింది పేరు, కురిడీ కాయలు (లోపలి నీరు ఇంకి ఎండిన కొబ్బరికాయలు) గుట్టలుగా పోసి ఉంటాయి.

తర్వాత పి.గన్నవరం. ఇక్కడ వైనతేయ మీద అక్విడెక్టు ఉంది. కింద నది, దాని మీద నుంచి అడ్డంగా కాలువ. కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. 1909లో పోయిన ఆ తల్లి ఈ లంకల గన్నవరంలోనే, ఏ వేళకి ఎవరొచ్చినా, ఏ కులమని అడక్కుండా అన్నం పెట్టింది. వరదలో చిక్కుకున్నవాళ్లకి పడవ మీద అన్నం పంపేవారని చెబుతారు. దారిలో ప్రతివాళ్లూ "టిఫినయ్యిందా" అని ఎందుకు అడుగుతారో నాకు ఇక్కడ నిలబడ్డప్పుడే తెలిసింది.

ఎవరైనా ఇంట్లోకి పిలిస్తే ఏం చేయాలి అని చాలామంది అడుగుతారు. వెళ్లండి. మజ్జిగో టీయో పుచ్చుకోండి. డబ్బులివ్వబోతే నొచ్చుకుంటారు. పిల్లలుంటే మీ సంచిలోని అరటిపళ్లో, ఒక పెన్నో ఇవ్వండి. మీరు ఏ ఊరివాళ్లో, అమ్మగారిది ఏ ఊరో వివరంగా చెప్పండి, వాళ్లు ఎలాగోలా చుట్టరికం కలుపుతారు.

మధ్యాహ్నానికి అప్పనపల్లి బాల బాలాజీ గుడి, వైనతేయ ఒడ్డున. నిత్యాన్నదానంలో భోంచేసి చెట్టు నీడన నడుం వాల్చండి. నాలుగుకి లేచి రాజోలు మీదుగా దిండి. అక్కడ టూరిజం రిసార్టు ఉంది, సెలవు రోజులైతే ముందే గది తీసుకోవాలి. లేదంటే రాజోలు, మలికిపురం లాడ్జిలు. 216 జాతీయ రహదారి మీద తొక్కే కొద్ది దూరం ఎడమ అంచున, వరసగా ఒకరి వెనక ఒకరు వెళ్లండి. ఇద్దరు పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ తొక్కేది గట్టు మీద మాత్రమే.

ఐదో రోజు: సముద్రం

వెలుగు రాకముందే తయారై ఉండండి, మలికిపురం, సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది. కొబ్బరితోటలు పల్చబడి రొయ్యల చెరువులు, సరుగుడు తోపులు మొదలవుతాయి. గాలిలో ఉప్పు తెలుస్తుంది. లక్ష్మీనరసింహస్వామి గుడి పడమటి ముఖంగా ఉంటుంది. దర్శనం చేసుకుని ఇంకొంచెం ముందుకు, వశిష్ఠ సముద్రంలో కలిసే చోటికి వెళ్లండి. అన్నాచెల్లెళ్ల గట్టు అంటారు. ఏటి నీరు ఒక రంగు, సముద్రపు నీరు ఒక రంగు, మధ్యలో గీత గీసినట్టు. అక్కడ నీళ్లలోకి దిగొద్దు. చూడటానికి నెమ్మదిగా కనబడే చోటే లోపల సుడి ఉంటుంది. స్నానం చేయాలంటే జనం చేసే చోట, మోకాలి లోతులో.

తిరుగు దారిలో గాలి వెనకనుంచి వస్తుంది. సఖినేటిపల్లి రేవులో నరసాపురం పంటు ఎక్కండి. మోటార్‌సైకిళ్లు, ఆటోలు ఎక్కేదాకా ఆగి, చివర్న సైకిల్ ఎక్కించి అంచు కడ్డీకి ఆనించండి. ముందు బ్రేకు లివర్‌ని హ్యాండిల్‌కి రబ్బరు బ్యాండుతో బిగించేస్తే పంటు ఊగినా సైకిల్ దొర్లదు. చిల్లర దగ్గర ఉంచుకోండి.

నరసాపురం స్టేషన్‌లో హైదరాబాద్ బండి అక్కడే మొదలవుతుంది, కాబట్టి సైకిల్ ఎక్కించడానికి హడావుడి ఉండదు. పూతరేకులు ఇంటికి కావాలంటే ఇక్కడ ఊళ్లో కొనుక్కోండి. ఇల్లు చేరిన రోజే, ఎంత అలసటగా ఉన్నా, మంచినీళ్లలో తడిపిన గుడ్డతో సైకిలంతా తుడిచి, గొలుసు ఆరబెట్టి నూనె వేయండి. అంతర్వేది ఉప్పుగాలి గొలుసు మీద రెండు రాత్రులుంటే మూడో రోజుకి తుప్పు కనబడుతుంది.